టన్ను ఎంత పడుద్ది?

మా అక్కావాళ్ళది గుంటూరులో ఇనుము కొట్టు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఓ మధ్యాహ్నం బేరాల్లేక కొట్టు ఖాళీగా ఉంటే గల్లాపెట్టె పక్కన కూర్చుని ఫోన్లో ఏదో చదువుకుంటున్నాను. బావగారు వెనకనుంచి తొంగిచూసి, "ఏంటమ్మాయ్, నువ్వూ రాడ్లే చూస్తున్నావ్?" అన్నారు.

నేను చూస్తున్నది చైనా కళాకారుడు ఐ వేవే చేసిన 'స్ట్రెయిట్' ఫొటో. పెద్ద హాలు. నేలంతా తుప్పు రంగు ఇనప చువ్వలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పేర్పు అంతా ఒకే ఎత్తులో లేదు, నేల బీటలిచ్చినట్టు మధ్యలో లేస్తూ పడుతూ సాగింది. "ఇది కళాఖండం అండీ బావగారూ, మ్యూజియంలో పెట్టారు" అన్నాను. ఆయన ఫోను తీసుకుని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశారు.

"ఎన్ని టన్నులుంటుంది?"

"లండన్లో పెట్టినప్పుడు 90 అట."

"మన దగ్గర 60 వేలు వేసుకున్నా 54 లక్షల సరుకు. చైనాలో టన్ను ఎంత పడుద్ది మరి?"

నాకు నవ్వొచ్చింది. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ నవ్వే. తర్వాత పది నిమిషాల్లో బావగారు అన్న మాటలు విన్నాక, అలా నవ్వినందుకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఇలాంటి కళ గురించి చదివిన వ్యాసాల్లో ఒక్కరూ అడగని ప్రశ్నలు ఆయన అడిగారు.

కథ చెప్పాను. 2008 మే 12న సిచువాన్‌లో భూకంపం వచ్చింది. చుట్టుపక్కల కట్టడాలు నిలబడ్డ చోట కూడా బడులు కూలాయి. పోయిన పిల్లలు 5 వేల మందికి పైనే. ప్రభుత్వం పేర్లు బయటపెట్టకపోతే ఐ వేవే వాలంటీర్లని ఊరూరా పంపి తల్లిదండ్రుల దగ్గర ఒక్కో పేరూ రాయించాడు. శిథిలాల్లోంచి తుక్కుకి పోతున్న వంకర చువ్వల్ని కొని తన స్టూడియోకి తెప్పించాడు. పనివాళ్ళు ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టి తిన్నగా చేశారు. పని ఏళ్ళ తరబడి సాగింది. 2011లో పోలీసులు అతన్ని పట్టుకెళ్ళి 81 రోజులు నిర్బంధంలో ఉంచినప్పుడు కూడా స్టూడియోలో సుత్తుల చప్పుడు ఆగలేదు.

బావగారి మొహం మారింది. "తిన్నగా కొట్టించాడా? వంగిన రాడ్డు తిన్నగా చేసి అమ్మేవాణ్ణి మా లైన్లో దొంగ అంటారమ్మాయ్." ఒకసారి వంగిన చోట ఇనుము లోపల అలిసిపోతుందట. పైకి తిన్నగానే ఉంటుంది, స్లాబులో వేస్తే మాత్రం సరిగ్గా అక్కడే మోసం చేస్తుంది. పాత బిల్డింగులు పడగొట్టినప్పుడు వచ్చే రాడ్లని కొందరు సాపుచేసి, కొత్తవాటిలో కలిపి అంటగడతారు. ఆ మాట చెప్పి కాసేపు ఫొటో చూస్తూ ఉండిపోయారు. "మంచి కాంక్రీటు రాడ్డుని అంత తేలిగ్గా వదలదు. పిల్లర్లలో రింగులు ఎంతెంత దూరంలో వేశారో ఎవరన్నా కొలిచారా?"

చైనాలో ఇలాంటి నాసిరకం కట్టడాలకి ఒక పేరుంది: టోఫు పిప్పి. సోయాపాలు వడకట్టాక గుడ్డలో మిగిలే పిప్పి. ఆ మాట నాకు చదివితే తెలిసింది. బావగారికి ఫొటో చూస్తేనే తెలిసిపోయింది.

కాబట్టి నా వాదన ఇది. చువ్వలతో, వెంట్రుకలతో, తోలుతో, కరిగించిన తుపాకులతో చరిత్ర గురించీ హింస గురించీ మాట్లాడే ఈ కళకి అసలైన పాఠకుడు కళ తెలిసినవాడు కాడు, సరుకు తెలిసినవాడు. మనలాంటి చదువుకున్నవాళ్ళం ఆ పక్కన గోడమీద అంటించిన కాగితం చదివి తల ఊపుతాం. అతను మాత్రం వస్తువునే చదువుతాడు.

గోడమీది కాగితం

ఈ మాట మా స్నేహితురాలితో అన్నాను. డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది, మాట పడనివ్వదు. "ఆ కాగితం పీకేస్తే మీ బావగారి కొట్టుకీ దానికీ తేడా ఏంటి? పద్యం అలా కాదు. పక్కన ఎవరూ నిలబడి వివరించనక్కర్లేదు" అంది. పద్యానికి వివరణ అక్కర్లేదని తెలుగు మాస్టారు అనడం కొంచెం విడ్డూరమే, టీకా తాత్పర్యాలతోనే కదా ఆవిడ జీతం. కానీ ప్రశ్న న్యాయమైనదే. 'స్ట్రెయిట్' విషయంలో మరీనూ. వంకర చువ్వల్ని వంకరగానే కుప్ప పోసినా చూడగానే గుండె ఝల్లుమనేది. తిన్నగా చేయడంతో ఆ సాక్ష్యం కూడా చెరిగిపోయింది. ఇప్పుడది నిజంగానే ఇనుము కొట్టు.

దీనికి నాకు దొరికిన జవాబు మా అమ్మమ్మ బొంత. పాతచీరలూ, తాతయ్య పంచెలూ, మా చిన్నప్పటి గౌన్లూ పొరలు వేసి కుట్టింది. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ దానికి ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. ఈ ముక్క ఎవరిదంటే చెప్పేది. ఒక నీలం పువ్వుల ముక్క దగ్గర మాత్రం చెయ్యి పెట్టి ఊరుకునేది. అది పురిట్లో పోయిన పిన్ని చీర అని అమ్మ చెబితే తెలిసింది. అమ్మమ్మ పోయింది. అమ్మకి సగమే గుర్తుంది. మా పిల్లలకి అది దుమ్ము వాసన కొట్టే బొంత, అంతే.

తెలిసినవాళ్ళు లేనప్పుడే కాగితం అవసరమవుతుంది. అమ్మమ్మ వయసు మళ్ళి పోయింది. సిచువాన్‌లో తెలిసినవాళ్ళ నోరు నొక్కేశారు. పిల్లల పేర్లు పోగుచేయడాన్ని కూడా నేరంలా చూసిన చోట ఆ కాగితం కళకి తగిలించిన తోక ఎలా అవుతుంది? లండన్ రాయల్ అకాడమీలో 2015లో చువ్వలు నేలమీద ఉంటే, చుట్టూ గోడలమీద ఆ పిల్లల పేర్లు ఉన్నాయి.

స్నేహితురాలు ఒప్పుకోలేదు. "అయితే ఏ చెత్తయినా తెచ్చిపెట్టి, పక్కన ఏడుపు కథ రాస్తే చాలన్నమాట" అంది. దానికి జవాబు తర్వాత చెబుతాను. ముందు జుట్టు సంగతి.

తలనీలాలు

కళాకారిణి షీలా గౌడది కర్ణాటకలో భద్రావతి. మొదట్లో రంగులతో బొమ్మలు వేసేది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత, వెంటనే బొంబాయి అల్లర్లు. ఆ రోజుల తర్వాత ఆమె ఆవుపేడ చేతికి తీసుకుంది. మనం కళ్ళాపి చల్లి, పిడకలు చేసి, పవిత్రమనీ మురికి అనీ ఏకకాలంలో అనుకునే ఆ పేడే. ఇంకో పనిలో ఒక్కో దారాన్నీ సూది బెజ్జంలోంచి మొత్తం పొడవునా లాగి, కుంకుమ పూసి, ఎర్రటి తాళ్ళుగా పేనింది. ఆ తాళ్ళ కొసల్లో సూదులు గుత్తులుగా వేలాడుతుంటాయి.

2009లో చేసి, వెనిస్ బియన్నాలె అనే పెద్ద కళాప్రదర్శనలో పెట్టిన 'బిహోల్డ్' నేను ఫొటోల్లోనే చూశాను. సుమారు 4 కిలోమీటర్ల పొడవు తాడు, అంతా మనుషుల జుట్టుతో పేనింది. ఆ తాళ్ళకి ఇరవై దాకా కార్ల స్టీలు బంపర్లు వేలాడుతుంటాయి. గుళ్ళలో మొక్కుబడికిచ్చిన జుట్టులో పొడుగాటిది విగ్గులకి పోతుంది, పొట్టిది ఇలా తాళ్ళవుతుంది. కర్ణాటకలో ఆ తాళ్ళని ప్రమాదాలు జరక్కుండా బళ్ళ బంపర్లకి కడతారు. అంటే ఒకళ్ళ మొక్కు ఇంకొకళ్ళకి దిష్టితాడు అవుతుంది. మధ్యలో వేలంపాట ఉంటుంది.

అమ్మకి చూపించాను. నాన్న ఆపరేషన్ మొక్కుకి అమ్మ తిరుమలలో తలనీలాలిచ్చి ఆరేళ్ళయింది. కల్యాణకట్టలో తడిగుండు మీద చెయ్యి వేసుకుని, చిన్నపిల్లలా "చల్లగా ఉందే" అనడం నాకింకా గుర్తే. ఫొటో చూసి మొదట "ఛీ" అంది. దేవుడికిచ్చింది ఇలా గోడలకి వేలాడదీస్తారా అని. ఆ జుట్టుని దేవస్థానం వాళ్ళే వేలం వేసి కోట్లకి అమ్ముతారు కదమ్మా అన్నాను. "అది వేరు" అంది. ఎందుకు వేరో చెప్పలేదు. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. మళ్ళీ తనే ఫోను అడిగి తీసుకుంది. "అంత ఇనుము ఆ వెంట్రుకలకి ఆగిందా? ఆగుతుందిలే. దువ్వెనలో చిక్కుపడ్డ జుట్టు తెంపి చూడు, వేలు కోసుకుంటుంది."

షీలా గౌడ గురించి నేను చదివిన పెద్ద పెద్ద మాటలు, ప్రపంచీకరణ, మూఢనమ్మకం, ఆధునికత లాంటివన్నీ, ఆ వేలు కోసుకునే వెంట్రుక ముందు తేలిపోయాయి. ఆ తాడు బలం అమ్మకి తెలుసు. ఆ బలాన్ని ఒక మొక్కులో ఇచ్చేసింది కాబట్టి ఇంకా బాగా తెలుసు.

అయితే అమ్మ వెనిస్ వెళ్ళి దాన్ని చూడదు. బావగారు లండన్ వెళ్ళరు. సరుకు తెలిసినవాళ్ళ కోసం చేసిన వస్తువులు సరుకు తెలియనివాళ్ళు తిరిగే హాళ్ళలో ఉంటాయి. నా వాదనకి ఇది పెద్ద చిల్లు, తెలుసు. పూడ్చే దారి దొరకలేదు.

తడపని ఆకు

ఇప్పుడు స్నేహితురాలి ప్రశ్నకొస్తాను. రెండేళ్ళ కిందట హైదరాబాదులో ఒక గ్యాలరీకి వెళ్ళాను. ఊరూ పేరూ అనవసరం. బీడీలు చుట్టే ఆడవాళ్ళ బతుకు మీద ఒక పెద్ద పని పెట్టారు. గది నిండా తునికాకు, పైనుంచి వేలాడే దారాలు, మూలన వెదురు చాటలు. గోడమీది కాగితంలో క్షయ, కూలి, బాల్యం, అన్నీ ఉన్నాయి. చాలా బాగా రాశారు. నేను కదిలిపోయాను, ఫొటోలు తీసుకున్నాను.

నేల తుడవడానికి వచ్చిన ఆమె నా పక్కన ఆగింది. కామారెడ్డి వైపు మనిషి. వంగి ఒక ఆకు తీసి వేళ్ళ మధ్య రాసి చూసింది.

"గీ ఆకు తడుపలే మేడమ్. చుడితే పలుగుతది."

తర్వాత చెప్పింది. ముందురోజు రాత్రి ఆకు నీళ్ళలో తడిపి, గుడ్డలో మూటగట్టి పెట్టాలి. పొద్దున మెత్తబడుతుంది. అప్పుడు కత్తెరతో కొలతకి కత్తిరించి, తంబాకు పోసి చుట్టాలి. ఆమె పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి పదకొండేళ్ళు చుట్టిందట. ఇక్కడి ఆకు ఎండిపోయి, పెళుసై ఉంది. ఆ ఆకుతో ఒక్క బీడీ కూడా కాదు. "ఎవ్వలన్న జెప్పిండ్రా ఆళ్ళకు?" అని అడిగింది, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

ఆ గది నా కళ్ళముందే అట్టముక్కలా అయిపోయింది. కథ నిజం. కన్నీళ్ళూ నిజమే కావచ్చు. ఆకు మాత్రం వేషం వేసుకుని నిలబడింది. ఆ కళాకారుడు ఒక్క రాత్రి ఆకు తడిపే ఇంట్లో పడుకుని ఉంటే, ఆ తడి వాసన గదిలో ఉండేది. కాగితంలో సగం వాక్యాలు అక్కర్లేకపోయేవి. ఏ చెత్తయినా సరిపోతుందా అన్నదానికి నా జవాబు ఆమే. సరుకు తెలిసిన మనిషి వేలితో రాసి చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడితో ఆపేస్తే నా సిద్ధాంతం చక్కగా కుదిరేది. కానీ తెరెసా మార్గోయెస్ అనే కళాకారిణి ఉంది.

మార్చురీ నీళ్ళు

మెక్సికోలో కులియకాన్ ఊరామె. ఫోరెన్సిక్ వైద్యం చదువుకుని, మార్చురీల్లోనే ఏళ్ళ తరబడి పనిచేసింది. మాదకద్రవ్యాల ముఠాల చేతుల్లో చచ్చిపోయి, తీసుకెళ్ళే దిక్కులేక పడి ఉన్న శవాల మధ్య. 2003లో ఒక హాల్లో సబ్బు బుడగలు వదిలింది. పిల్లలు ఎగిరి పట్టుకునేలాంటి అందమైన బుడగలు. అవి శవాలు కడిగిన నీళ్ళతో చేసినవి. 2009 వెనిస్ బియన్నాలెలో, ఒక పాత భవంతిలో, హత్యలు జరిగిన చోట్ల తుడిచి తెచ్చిన నెత్తురు కలిపిన నీళ్ళతో రోజూ నేల తుడిపించింది. తుడిచినవాళ్ళు మెక్సికోలో హత్యకి గురైనవాళ్ళ బంధువులు.

చాలామందికి దీని పేరు చెబితేనే కడుపులో తిప్పుతుంది. నాకు వేరేది గుర్తొచ్చింది. పదేళ్ళ కిందట మా పెదనాన్నగారి అబ్బాయి యాక్సిడెంటులో పోతే ఒక ప్రభుత్వాసుపత్రిలో పోస్టుమార్టం గది బయట నాలుగు గంటలు నిలబడ్డాం. తలుపు కిందనుంచి నీళ్ళు వస్తూ ఉన్నాయి. మొదట అందరం కాళ్ళు వెనక్కి తీసుకున్నాం. ఇంకో గంటకి ఎవరూ తీయడం మానేశాం. చెప్పులు తడిసిపోయాయి. ఇంటికెళ్ళి ఆ చెప్పులు పారేశాను, కానీ ఆ నీళ్ళు ఎవరివో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను, మావాడివా, పక్క బల్లమీద ఉన్నవాళ్ళవా అని. వెనిస్‌లో తెలియక ఆ నేలమీద నడిచి, తర్వాత చదివి, కాళ్ళ వంక చూసుకున్నవాళ్ళకి ఏమనిపించి ఉంటుందో నాకు బాగానే తెలుసు. సరుకు తెలియడమంటే ఇదీ ఒకటి.

కానీ 2000లో ఆమె చేసిన ఇంకో పని ఉంది, 'నాలుక'. వీధి గొడవల్లో చచ్చిపోయిన ఒక కుర్రాడి నాలుక, దానికి కుట్టించుకున్న లోహపు పోగుతో సహా. వాళ్ళ ఇంట్లోవాళ్ళకి శవపేటిక కొనే స్తోమతు లేదు. పేటిక ఇప్పించి, బదులుగా నాలుక తీసుకుంది. బీదవాడి శవానికి సమాధి ఉండదు, పేరు ఉండదు, ఈ నాలుకైనా మాట్లాడుతుంది అని దాన్ని సమర్థించే వాదన. ఆ వాదనలో బలం లేదని అనను. ఆ తల్లితండ్రులకి ఆ రోజు ఇంకెవరూ పేటిక ఇవ్వలేదు కూడా.

అయినా నా మనసు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. నా సిద్ధాంతం ప్రకారం చూస్తే మార్గోయెస్‌కి తెలిసినంతగా ఆ సరుకు ఇంకెవరికీ తెలియదు. అంటే తెలియడం ఒక్కటే చాలదు. ఇచ్చేవాడు "ఇవ్వను" అనగలగాలి. అమ్మ తలనీలాలు ఇవ్వకపోయినా ఎవరూ అడిగేవారు కాదు, మొక్కు ఆమెది. శవపేటికకి డబ్బుల్లేని తల్లికి "ఇవ్వను" అన్న మాట ఎక్కడినుంచి వస్తుంది?

ఈ కొలతతో చూస్తే నాకు కొలంబియా కళాకారిణి దోరిస్ సల్సేదో చేసిన 'ఫ్రాగ్మెంతోస్' ఎప్పుడూ ఒక మెట్టు పైన కనిపిస్తుంది. 2016లో అక్కడ ఫార్క్ అనే తిరుగుబాటు దళానికీ ప్రభుత్వానికీ శాంతి ఒప్పందం కుదిరింది. అప్పగించిన తుపాకుల్ని కరిగించి స్మారకాలు కట్టాలని అందులోనే రాసుకున్నారు. స్మారకం అంటే మనకి స్తూపం. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20 కాల్పుల్లో పోయిన గోండుల కోసం కట్టిన స్తూపాన్ని కూల్చేస్తే మళ్ళీ లేచింది. లేచి నిలబడటమే దాని పౌరుషం. సల్సేదో నిలబెట్టలేదు. 37 టన్నుల ఆయుధాల్ని కరిగించి, బొగోటాలో ఒక పాడుబడ్డ ఇంట్లో నేల పరిచింది. 1,296 పలకలు. ఆ పలకల అచ్చుల కోసం లోహపు రేకుల్ని సుత్తులతో కొట్టి సొట్టలు పెట్టినవాళ్ళు, యుద్ధంలో అత్యాచారాలకి గురైన ఆడవాళ్ళు. తమమీదికి గురిపెట్టిన ఇనుము మీద వాళ్ళ దెబ్బలున్నాయి. అక్కడికి వచ్చిన ఎవరైనా దానిమీదే నడవాలి. ఈ సరుకు వాళ్ళకి తెలుసు, పనీ వాళ్ళదే.

ఐ వేవే చువ్వల్లో ఇంత న్యాయం ఉందా అంటే, లేదనే అనుకుంటాను. సుత్తి పట్టిన పనివాళ్ళు జీతానికి కొట్టారు, పేరు ఆయనది. ఆ లెక్కలో నా ఇష్టానికీ నా కొలతకీ పొసగదు.

తోలు

ఇంకో చిక్కుముడి మన దగ్గరే ఉంది. తెలంగాణ చిత్రకారుడు మధుకర్ ముచ్చర్ల తోలుతో పనిచేస్తాడు. తోలు ముక్కలు కుట్టి అంబేడ్కర్ ముఖం చేశాడు. దాని గురించి ఎవరికీ కాగితం అక్కర్లేదు, మన ఊళ్ళలో పుట్టినవాళ్ళకి అసలే అక్కర్లేదు. లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, తోలు ఊనడానికి తంగేడు చెక్క (బెరడు) వాడేవాళ్ళు. ఆ చెట్టు పువ్వే బతుకమ్మ మీద కూర్చుంటుంది, రాష్ట్ర పుష్పం కూడా అయింది. పువ్వు అందరిదీ, చెక్క మాదిగవాడది. ఇంతకంటే సూటిగా ఒక సరుకు చరిత్ర చెప్పడం నేను చూడలేదు.

కానీ "ఇవ్వను" అనగలగాలి అన్నాను కదా, అది కళాకారుడికీ వర్తించాలి. దళిత కళాకారుడు రేపు నీటిరంగుల్లో కొండలు వేస్తే గ్యాలరీలు ఇంతే ఆసక్తిగా వస్తాయా? పుట్టుకతో అంటగట్టిన పనిని కళలో గర్వంగా తిరిగి చేతికి తీసుకోవడం ఒకటి. "నువ్వు తోలే తీసుకురా" అని బయటివాళ్ళు ఎదురుచూడటం ఇంకోటి. మొదటిదానికి చప్పట్లు కొడుతూ తెలియకుండానే రెండోదాన్ని పెంచుతున్నామేమో. అందులో నేనూ ఉన్నాను, ఈ పోస్టులో ఆయన్ని తెచ్చింది తోలు కోసమే కదా.

ఇదంతా రాసి, ముగించడం చేతకాక డ్రాఫ్టులో వదిలేశాను. మూడు వారాల తర్వాత బావగారు ఫోన్ చేశారు. వేరే పని మీద, అక్క బంగారం సంగతి. పెట్టేసే ముందు అన్నారు:

"అమ్మాయ్, ఆ రాడ్ల ఫొటో మళ్ళీ చూశాను. మీ అక్క ఫోన్లో పెట్టించుకుని."

"దొంగ సరుకన్నారు కదండీ."

"తిన్నగా కొట్టడం వరకూ అంతే. కానీ తుప్పు అలాగే ఉంచాడు చూశావా? అమ్మేవాడైతే ముందు బ్రష్షు పెట్టి తుప్పంతా గీకేసేవాడు."